బాలయోగి గారు అడిగిన రైలు ఇంకా గౌతమి దాటలేదు: ముగ్గురు ఎంపీలకు బహిరంగ లేఖ

అమలాపురం ఎంపీ శ్రీ గంటి హరీష్ మాధుర్ గారికి,
కాకినాడ ఎంపీ శ్రీ తంగెళ్ల ఉదయ్ శ్రీనివాస్ గారికి,
నరసాపురం ఎంపీ, కేంద్ర సహాయ మంత్రి శ్రీ భూపతిరాజు శ్రీనివాసవర్మ గారికి,

నమస్కారం.

కోటిపల్లి–నరసాపురం రైల్వే లైను గురించి ఈ ఉత్తరం రాస్తున్నాను. ముగ్గురికీ కలిపి ఎందుకంటే, ఆ దారి మీ ముగ్గురిదీ. కాకినాడలో మొదలై, ద్రాక్షారామం మీదుగా కోటిపల్లి చేరి, అక్కడ గోదావరి గౌతమి పాయ దాటి అమలాపురం వచ్చి, వైనతేయ, వశిష్ఠ పాయలు కూడా దాటి నరసాపురంలో కలవాలి. 2024లో ఈ మూడు నియోజకవర్గాల ప్రజలు మూడు పార్టీల వాళ్ళను గెలిపించారు. ఒకరు తెలుగుదేశం, ఒకరు జనసేన, ఒకరు బీజేపీ. రాష్ట్రంలో ప్రభుత్వం ఆ మూడు పార్టీలదే. ఢిల్లీలో ఉన్నదీ అదే కూటమి. కేంద్రం ఇవ్వలేదని రాష్ట్రం, రాష్ట్రం కట్టలేదని కేంద్రం చెప్పుకునే వీలు ఇన్నాళ్ళూ ఉండేది. ఇప్పుడు లేదు.

ఈ లైను 2000–01 రైల్వే బడ్జెట్‌లో మంజూరైంది. పొడవు 57 కిలోమీటర్లు. పాతికేళ్ళు గడిచినా అమలాపురానికి రైలు రాలేదు. కోనసీమలో ఎవరినడిగినా ఆ మంజూరు లోక్‌సభ మాజీ స్పీకర్ జీఎంసీ బాలయోగి గారి చలవే అంటారు. ఆయన ఎవరో, ఎలా పనిచేశారో కొంచెం వివరంగా రాయకుండా ఈ రైలు సంగతి చెప్పలేను. హైదరాబాద్‌లో ఉన్న మా పిల్లలకు ఆ పేరు గచ్చిబౌలి స్టేడియం. యానాం వెళ్ళేవాళ్ళకు అది వారధి పేరు. ఢిల్లీలో పార్లమెంటు లైబ్రరీ భవనంలో ఆడిటోరియానికీ అదే పేరు. బోర్డుల మీద పేరు చదివేవాళ్ళు ఎక్కువ, మనిషి గురించి తెలిసినవాళ్ళు రోజురోజుకీ తక్కువ.

గంటి మోహనచంద్ర బాలయోగి 1951 అక్టోబరు 1న ఎదుర్లంకలో పుట్టారు. యానానికి సరిగ్గా ఎదుట, గౌతమి ఇవతలి ఒడ్డున ఉన్న ఊరది. దళిత కుటుంబం. చిన్నప్పటి చదువు గురజనాపల్లిలో, అంటే గౌతమికి అవతల. పై చదువు కాకినాడలో, లా చదివింది ఆంధ్రా యూనివర్సిటీలో. మా ప్రాంతంలో పుట్టినవాడికి చదువుకైనా, ఆసుపత్రికైనా, కోర్టుకైనా ముందు రేవు దాటాలి. నది దాటించే పంటు (పెద్ద పడవ) ఎప్పుడొస్తుందో చూసుకుని దాన్నిబట్టి పనులు పెట్టుకోవాలి. వరదొస్తే పంటు ఆగిపోతుంది, దాంతో పాటు బతుకూ ఆగిపోతుంది. వంతెన, రైలు అన్నవి ఆయనకు ఎన్నికల హామీలుగా తెలిసినవి కావు. లంక పల్లెల్లో పెరిగినవాడికి ఎవరూ ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు.

కాకినాడలో లాయరుగా ప్రాక్టీసు చేశారు. 1985లో ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేట్‌గా ఉద్యోగం వస్తే, కొద్దికాలానికే వదిలేశారు. ఆ రోజుల్లో ఒక దళిత కుటుంబానికి మేజిస్ట్రేటు ఉద్యోగమంటే ఏమిటో ఆలోచించండి. నెలనెలా జీతం, హోదా, ఊళ్ళో గౌరవం. వాటిని కాదని ప్రజాజీవితంలోకి రావడం చిన్న తెగింపు కాదు. కాకినాడ కోఆపరేటివ్ టౌన్ బ్యాంకు వైస్ చైర్మన్ అయ్యారు, 1987లో తూర్పు గోదావరి జిల్లా ప్రజాపరిషత్ అధ్యక్షుడయ్యారు. 1991లో తెలుగుదేశం తరఫున అమలాపురం నుంచి లోక్‌సభకు వెళ్ళారు.

ఆ మొదటి విడతలోనే, 1995 జనవరిలో, పాశర్లపూడి బ్లోఅవుట్ జరిగింది. మన నేల కింద గ్యాసు తీస్తూ తీస్తూ మంట అంటుకుంటే రెండు నెలలకు పైగా ఆరలేదు. చుట్టుపక్కల ఊళ్ళన్నీ ఖాళీ చేయాల్సి వచ్చింది. దేశానికి గ్యాసు ఇచ్చే నేల ఇది. ఆ గ్యాసు బయటికి పోవడానికి పైపులైన్లు ఎంత త్వరగా పడ్డాయో మేం కళ్ళారా చూశాం. మనుషులు బయటికి పోవడానికి రైలు పట్టాలు మాత్రం ఇప్పటికీ పడలేదు. 2014 జూన్‌లో నగరం అనే ఊళ్ళో గ్యాస్ పైపు పేలి నిద్రలో ఉన్నవాళ్ళు కాలిపోయారు. అది తలచుకుంటే ఈ మాట రాయడానికి కూడా చెయ్యి వణుకుతుంది.

1996లో ఆయన లోక్‌సభకు ఓడిపోయారు. తర్వాత ముమ్మిడివరం ఉప ఎన్నికలో గెలిచి రాష్ట్రంలో ఉన్నత విద్యాశాఖ మంత్రి అయ్యారు. ఆ ఏడాది నవంబరు 6 రాత్రి తుఫాను ఆ నియోజకవర్గాన్నే కొట్టింది. కోనసీమలో ఆ రాత్రి గురించి కొత్తగా చెప్పేదేముంది? వెయ్యిమందికి పైగా పోయారు. వేటకెళ్ళి తిరిగి రానివాళ్ళు ఎందరో. కొబ్బరి చెట్లు తోటలకు తోటలే నేలకొరిగాయి. కొత్త మొక్క నాటితే కాపుకొచ్చేసరికి ఏళ్ళు పడుతుంది, ఈలోపు దింపు కార్మికుడికీ పనుండదు, ఒలుపు కూలీకీ పనుండదు. 1998లో మా జనం ఆయన్ను మళ్ళీ లోక్‌సభకు పంపారు.

ఈసారి ఢిల్లీ ఆయన్ను వేరే కుర్చీలో కూర్చోబెట్టింది. 1998 మార్చి 24న లోక్‌సభ స్పీకర్‌గా ఎన్నికయ్యారు. వయసు 46. ఆ పదవి చేపట్టిన మొదటి దళితుడు ఆయనే. మన రాష్ట్రం నుంచి అనంతశయనం అయ్యంగార్, నీలం సంజీవరెడ్డి తర్వాత ఆ కుర్చీ ఎక్కింది ఎదుర్లంక కుర్రాడు. ప్రాంతీయ పార్టీ మనిషి, జాతీయ రాజకీయాల్లో పెద్దగా పేరు లేని మనిషి ఆ సభను ఎలా నడుపుతాడని అప్పట్లో చాలామందికి అనుమానం.

ఏడాది తిరిగేసరికి దానికి సమాధానం వచ్చింది. 1999 ఏప్రిల్ 17న వాజ్‌పేయి ప్రభుత్వం మీద విశ్వాస తీర్మానానికి ఓటింగు. కాంగ్రెస్ సభ్యుడు గిరిధర్ గమాంగ్ అప్పటికి రెండు నెలలుగా ఒరిస్సా ముఖ్యమంత్రి. కానీ ఇంకా అక్కడి అసెంబ్లీకి ఎన్నిక కాలేదు, కోరాపుట్ ఎంపీ పదవికి రాజీనామా కూడా చేయలేదు. ముఖ్యమంత్రిగా ఉంటూ ఇక్కడికొచ్చి ఓటేస్తారా అని అధికార పక్షం గొడవ చేసింది. స్పీకర్‌గా బాలయోగి గారు ఓటు వేయాలో వద్దో గమాంగ్ విజ్ఞతకే వదిలేశారు. గమాంగ్ ఓటేశారు. అనుకూలం 269, వ్యతిరేకం 270. ప్రభుత్వం పడిపోయింది.

ఇక్కడ ఒక్క సంగతి గమనించండి. ఆ రోజు తెలుగుదేశం ఓటేసింది వాజ్‌పేయి ప్రభుత్వానికి. గమాంగ్‌ను ఆపి ఉంటే 269, 269తో సమానమయ్యేది. సమానమైతే ఓటు వేసే హక్కు స్పీకర్‌ది. అంటే ప్రభుత్వం నిలబడడమా పడడమా అన్నది బాలయోగి గారి చేతిలోకే వచ్చేది. తన పార్టీ ఎటుందో తెలిసి కూడా ఆయన ఆ దారి తీసుకోలేదు. ఆ నిర్ణయం సరైనదేనా అని ఇవాళ్టికీ వాదించేవాళ్ళున్నారు. నా ఉద్దేశంలో సరైనదే. రాజీనామా చేయని సభ్యుడు సభ్యుడే. ముఖ్యమంత్రి అయినవాడు శాసనసభకు ఎన్నిక కావడానికి ఆరు నెలల గడువు రాజ్యాంగమే ఇచ్చింది. ఒక సభ్యుడి ఓటును తీసేసే అధికారం తన దగ్గర లేదని తెలిసిన స్పీకర్ చేయాల్సింది అంతే. మేజిస్ట్రేటు ఉద్యోగం వదిలేసినా ఆ బుద్ధి మాత్రం ఆయనలో ఉండిపోయిందని నేననుకుంటాను.

ఆ ఒక్క ఓటుతో అధికారం పోగొట్టుకున్నవాళ్ళకు ఆయన మీద కోపం ఉండాలి కదా! అదే ఏడాది ఎన్నికల తర్వాత వాళ్ళే తిరిగి అధికారంలోకి వచ్చారు. 1999 అక్టోబరు 22న లోక్‌సభ ఆయన్నే మళ్ళీ ఏకగ్రీవంగా స్పీకర్‌గా ఎన్నుకుంది. అటు పడిపోయిన పక్షం, ఇటు పడగొట్టిన పక్షం, ఇద్దరూ ఆయన పేరే చెప్పారు. మన నేల మీద పుట్టిన మనిషికి ఇంతకన్నా పెద్ద బిరుదు నాకు తెలియదు.

సభ సక్రమంగా నడవాలన్న పట్టుదల ఆయనకు ఎక్కువ. ఆయన హయాంలోనే, 1998 జూలైలో, మహిళా బిల్లు ప్రతులను సభలోనే లాక్కుని చించేశారు. అలాంటివి కళ్ళారా చూసిన మనిషి ఊరుకోలేదు. 2000లో లోక్‌సభకు ఎథిక్స్ కమిటీ ఏర్పడింది. 2001 నవంబరులో దేశంలోని స్పీకర్లను, ముఖ్యమంత్రులను, పార్టీల నాయకులను, విప్‌లను ఒకచోట కూర్చోబెట్టి చట్టసభల్లో క్రమశిక్షణ మీద సమావేశం పెట్టారు. పార్లమెంటు ఏడాదికి కనీసం 110 రోజులు కూర్చోవాలని ఆ సమావేశం కోరింది. స్పీకర్ ఎదుటి వెల్‌లోకి దూసుకొచ్చి సభను ఆపేసేవాళ్ళు ఆటోమేటిక్‌గా సస్పెండయ్యేలా 374ఎ నిబంధన ఆ డిసెంబరులోనే వచ్చింది. మరికొద్ది రోజులకే, 13వ తేదీన, పార్లమెంటు మీద ఉగ్రవాదులు దాడి చేశారు. ఆయన స్పీకర్‌గా ఉండగా జరిగిన వాటిలో అదే అన్నిటికన్నా భయంకరమైనది.

రైలు గురించి రాస్తూ సభా క్రమశిక్షణ దగ్గర ఎందుకు ఆగానో చెప్పాలి. పెద్ద రాష్ట్రానికీ, పెద్ద నగరానికీ పనులు కావాలంటే సభ నడవక్కర్లేదు. వాళ్ళకు మంత్రులుంటారు, పారిశ్రామికవేత్తలుంటారు, ఫోను చేస్తే పని జరుగుతుంది. అమలాపురం లాంటి మారుమూల నియోజకవర్గానికి ఉన్నదల్లా ప్రశ్నోత్తరాల గంట, జీరో అవర్, 377 నిబంధన కింద చదివే నాలుగు వాక్యాలు, రైల్వే పద్దుల మీద చర్చలో దొరికే ఐదు నిమిషాలు. సభ వాయిదా పడితే ముందు పోయేవి ఇవే. బాలయోగి గారు సభ నడవాలని అంతగా పోరాడింది మర్యాద కోసం మాత్రమే కాదని నా నమ్మకం. స్పీకర్ కుర్చీలో ఉన్నవాడు లేచి నిలబడి మా ఊరికి రైలు కావాలని అడగలేడు. అయినా తన ప్రాంతం పనులు చేయించుకున్నారు. హరీష్ గారూ, ఉదయ్ శ్రీనివాస్ గారూ, మీ ఇద్దరికీ ఆ కట్టుబాటు లేదు. మీరు లేచి అడగవచ్చు, మళ్ళీ మళ్ళీ అడగవచ్చు.

ఇక రైలు సంగతికి వస్తాను. మాకు ఒకప్పుడు కోటిపల్లి దాకా రైలుండేది. 1928లో కాకినాడ నుంచి కోటిపల్లికి 45 కిలోమీటర్ల లైను వేశారు. రెండో ప్రపంచ యుద్ధం వచ్చాక, 1940లో, పట్టాలు ఊడదీసి పట్టుకుపోయారు. యుద్ధం ముగిసింది, తెల్లవాళ్ళు వెళ్ళిపోయారు; పట్టాలు పోయి అరవై ఏళ్ళ పైన గడిచాక, 2004లో గానీ అవి తిరిగి పడలేదు. అప్పటికి బాలయోగి గారు లేరు. ఆ దారిలో రైలుబస్సు నడిచింది, ఆగింది. కోటిపల్లిలో ఆగిపోయే దారికి ప్రయాణికులు తక్కువ ఉన్నారని అనడం న్యాయం కాదు. ముందు దాన్ని గౌతమి దాటించండి, తర్వాత లెక్క చూడండి.

గౌతమిలో స్తంభాలు నిలబడ్డాయి. పంటు మీద కోటిపల్లి నుంచి ముక్తేశ్వరం వెళ్ళేవాళ్ళు రోజూ వాటిని చూస్తూనే ఉంటారు. మూడు నదీపాయల మీద మూడు పెద్ద వంతెనలు కావాలి కాబట్టి ఖర్చెక్కువ అన్నది నిజమే. ఆలస్యమైన ప్రతి ఏడాదీ ఆ ఖర్చు పెరిగి, ఇప్పుడు అంచనా రెండు వేల కోట్లు దాటింది. అందులో నాలుగో వంతు రాష్ట్రం భరించాలన్నది ఒప్పందం. ఆ వాటా సరిగ్గా జమ కాకపోవడం, భూసేకరణ తెమలకపోవడం, ఈ రెండూ కలిసి పనిని నిలబెట్టేశాయి. ఏ పార్టీ ప్రభుత్వంలో ఎంత ఆలస్యమైందో లెక్కలు తీయడం నా ఉద్దేశం కాదు. అందరి హయాంలోనూ ఆలస్యమైంది.

భూసేకరణ గురించి మాత్రం ఒక మాట. కోనసీమలో భూమి ఎకరాల్లో కాదు, సెంట్లలో ఉంటుంది. అర ఎకరం కొబ్బరితోట మీద రెండు కుటుంబాలు బతుకుతాయి. పట్టా ఉన్నవాడొకడు, సాగు చేసేవాడొకడు, దింపు తీసి కూలి తెచ్చుకునేవాడు ఇంకొకడు. చెట్టుకింతని లెక్కగట్టేటప్పుడు కాపు కాస్తున్న చెట్టుకూ, మొన్న నాటిన మొక్కకూ తేడా చూడాలి. రైలు కావాలని అడిగేవాళ్ళమే, భూమి పోయేవాడికి అన్యాయం జరిగితే ముందు నిలబడేదీ మేమే. 2013 భూసేకరణ చట్టం ప్రకారం ఇవ్వాల్సింది ఇస్తే, ఆలస్యం చేయకుండా చేతికిస్తే, సగం గొడవలుండవు. తహసీల్దారు ఆఫీసుల్లో ఫైళ్ళు ఎక్కడ ఆగాయో మీకు ఒక్క సమీక్షలో తెలిసిపోతుంది.

ఈ రైలు అమలాపురం వాళ్ళకు మాత్రమే అని ఢిల్లీలో ఎవరైనా అంటే, మ్యాపు తీసి చూపించండి. చెన్నై–హౌరా ప్రధాన మార్గంలో గోదావరి దాటే ప్రతి బండీ రాజమండ్రి దగ్గరే దాటాలి. కాకినాడ నుంచి నరసాపురం, భీమవరం, గుడివాడ మీదుగా విజయవాడకు తీరం వెంట ఇంకో దారి తెరుచుకుంటే ఆ ఒత్తిడి తగ్గుతుంది, ఏదైనా ప్రమాదం జరిగినప్పుడు మళ్ళించడానికి చోటుంటుంది. అంబాజీపేట మార్కెట్ నుంచి ఉత్తరాదికి వెళ్ళే కొబ్బరి మొత్తం లారీల మీదే వెళుతోంది. రొయ్యలూ చేపలూ అంతే. కోటిపల్లి, ద్రాక్షారామం, అంతర్వేది యాత్రికులను చెప్పనే అక్కర్లేదు. గల్ఫ్ వెళ్ళే మా ఆడపిల్లలు, హైదరాబాద్ వెళ్ళే మా కుర్రాళ్ళు అర్ధరాత్రి సామాన్లతో రాజమండ్రికో, పాలకొల్లుకో చేరుకోవడానికి పడే టెన్షన్ రైలు ఉన్న ఊళ్ళవాళ్ళకు తెలియదు.

హరీష్ గారూ, ఇది మీకు విడిగా. 2002 మార్చి 3న మీ నాన్నగారు బాలయోగి గారు భీమవరం నుంచి హైదరాబాద్ బయల్దేరిన హెలికాప్టర్ కైకలూరు దగ్గర కొవ్వాడలంకలో కూలిపోయింది. ఆయనకు అప్పటికి యాభై ఏళ్ళు. ఆ ఆదివారం కోనసీమలో పొయ్యి వెలగని ఇళ్ళు ఎన్నో. మీ ఇంట్లో జరిగిన నష్టం ముందు మా నష్టం గురించి మాట్లాడకూడదేమో. కానీ ఆ రోజు మాకూ ఒక మనిషి పోయాడు. మీ అమ్మగారు విజయకుమారి గారు ఆ ఉప ఎన్నికలో గెలిచి సభకు వెళ్ళారు. మీరు 2019లో ఓడిపోయినా ఊరు వదల్లేదు, 2024లో గెలిచారు. మీ నాన్నగారి జయంతికీ వర్ధంతికీ మేం దండలు వేస్తూనే ఉంటాం, అది మా బాధ్యత. మీరు మాత్రం దండలతో సరిపెట్టుకోవద్దు. ఆయన కొడుకుగా రైల్వే మంత్రి ఎదుట కూర్చుని ఈ పని అడిగే హక్కు మీకున్నంత ఇంకెవరికీ లేదు.

ఉదయ్ శ్రీనివాస్ గారూ, కాకినాడ–కోటిపల్లి మార్గంలో బండ్లు క్రమం తప్పకుండా నడిచేలా చూడండి. అది వాడుకలో ఉంటేనే ముందుకు పొడిగించమని అడగడానికి బలం. శ్రీనివాసవర్మ గారూ, మీరు కేంద్రంలో మంత్రి. ఉక్కు శాఖలోనే ఉన్నారు. వంతెనల మీద గర్డర్లు పడాల్సిన చోట మీ మాటకు విలువ ఉంటుంది.

ముగ్గురూ కలిసి చేయగలిగినవి కొన్ని అడుగుతున్నాను. రాష్ట్రం వాటా ఎంత కట్టింది, ఎంత బాకీ ఉంది అన్నది ముఖ్యమంత్రి గారి దగ్గర కూర్చుని తేల్చి, కట్టించండి. బడ్జెట్ తర్వాత వచ్చే రైల్వే పింక్ బుక్‌లో ఈ లైనుకు ఏటా ఎంత రాశారో, అందులో ఎంత ఖర్చయిందో మాకు తెలుగులో చెప్పండి. పేరుకు నాలుగు డబ్బులు రాసి ఏడాది చివర్లో వెనక్కి పంపడం ఇక కుదరదని అధికారులకు అర్థమయ్యేలా చెప్పండి. మూడు నెలలకోసారి ముగ్గురూ ఒకే బల్ల దగ్గర కూర్చుని, కలెక్టర్లను, రైల్వే ఇంజినీర్లను పిలిచి పని ఎంతవరకు వచ్చిందో చూడండి. ఆ సమావేశం అమలాపురంలో పెడితే మేమే వచ్చి కూర్చుంటాం. మొత్తం లైను ఒకేసారి కాకపోతే ముందు కోటిపల్లి నుంచి అమలాపురం వరకైనా పూర్తి చేయించండి.

వచ్చే పార్లమెంటు సమావేశాల్లో హరీష్ గారు, ఉదయ్ శ్రీనివాస్ గారు ఒకే వారంలో ఈ విషయం సభలో ఎత్తాలని, మంత్రిగా ఉన్న శ్రీనివాసవర్మ గారు రైల్వే మంత్రితో నేరుగా మాట్లాడాలని నా విన్నపం. రైల్వే మంత్రి ఇచ్చే జవాబులో ఒక తేదీ ఉండాలి. పరిశీలనలో ఉంది, పురోగతిలో ఉంది అనే మాటలు మాకు కంఠతా వచ్చు. తేదీ చెప్పించండి, ఆ తేదీని రాతపూర్వకంగా తీసుకుని అమలాపురం గడియారస్తంభం దగ్గర అందరికీ కనిపించేలా పెట్టించండి.

ఇట్లు,
ముమ్మిడివరం నియోజకవర్గంలోని ఒక ఓటరు